వాసు అడిగిన మడ అడవి

కడలి లోన మునిగి కలగిన ధరణిని
కోర మీఁద నెత్తి కొలువు దీర్చి
నేలతల్లి నేలు నీలాంగ కిటిరూప
మాట తప్పనట్టి మనసు నిమ్ము

నీటిలోంచి నేలను ఎత్తిన ఆ వరాహమూర్తికి మ్రొక్కి, నీటి అంచున నేల కోసం జరిగిన ఈ కథ చెబుతున్నాను.

వైసలా పట్టణానికీ నాకోరో గ్రామానికీ నడుమ ఒక మడ అడవి ఉండేది. పోటు వేళ నీట మునిగి, పాటు వేళ బురదలోంచి వేళ్లు పైకి చాచి నిలిచే ఆ అడవి నాకోరో వారి సొత్తు. అక్కడి ఆడవారు మండపీతలు పట్టుకొనేది అందులోనే. తుఫాను నాడు ఊరికంటే ముందు అలల దెబ్బ తినేదీ అదే.

ఉనైసి తల్లి నాకోరో ఆడపడుచు. అందువల్ల ఉనైసి ఆ ఊరికి వాసు. ఫిజీ దీవుల్లో మేనమామల ఊరిపై ఆడపడుచు బిడ్డకున్న హక్కు ఇంతా అంతా కాదు. వాసు నోరు తెరిచి అడిగితే పందినైనా పడవనైనా ఇచ్చి తీరవలసిందే. ఎందుకని అడగడం మర్యాద కాదు. ఆ చనువును ఉనైసి ఏనాడూ చులకనగా వాడుకోలేదు. పెళ్లిలో ఒక చాప అడిగిందేమో, అంతే.

పురపాలకులకు పాఠం చెప్పడం ఆమె వృత్తి. పట్టణం తక్కువ పొగతో ఎలా బతకాలో, జనం నడిచి వెళ్లేటంత దగ్గరలో అంగళ్లు ఎలా అమర్చాలో, చెట్టునూ నీటినీ ఎలా కాపాడుకోవాలో ఊరూరా తిరిగి చెప్పేది. ఆ ఏడు వైసలాలో తరగతి పెట్టారు. అక్కడి పురపాలక కార్యాలయంలో పెద్ద అధికారి రుసియాతే, ఆమెకు స్వయానా మేనత్త కొడుకు.

"మడచెట్టు ఒట్టి చెట్టు కాదు. గాలిలోని బొగ్గును పీల్చి బురదలో దాస్తుంది. ఆ బురదను కెలికితే దాచినదంతా మళ్లీ పైకొస్తుంది," అంటోంది ఉనైసి.

"ఆ బురద మీ అమ్మగారి ఊరిదే కదా, మరదలా? మీవాళ్ల పిసినారి బుద్ధి బురదక్కూడా అంటుకుందన్నమాట," అన్నాడు ముందు వరసలోంచి రుసియాతే.

"మీ ఊరివాళ్లు దాచడానికి ఏం మిగులుతుంది బావా? కుండ ఖాళీ అయ్యేదాకా లేవరుగా."

తరగతి అంతా నవ్వింది. బావామరదళ్ల పరాచికం అక్కడ తప్పు కాదు, లేకపోతేనే తప్పు.

తరగతి ముగిసేసరికి అందరూ కలిసి ఒక ఆలోచనకు వచ్చారు. చేమదుంపల బుట్టలతో నాకోరో ఆడవారు చుట్టుదారిన వ్యానెక్కి సంతకు వస్తున్నారు. చెట్టు కొట్టకుండా మడ అడవి మీదుగా చెక్కబాట వేస్తే నడిచే రావచ్చు. అందుకు ఊరివారి ఒప్పుదల కావాలి.

"మేం వెళ్తే మీ మామయ్య నెలల తరబడి ఆలోచిస్తాడు," అన్నాడు రుసియాతే. "నువ్వెళ్తే ఒక్కపూట పని. అడవిని పట్టణం చేతిలో పెట్టమను, మిగతాది నేను చూసుకుంటా."

"బాట వెడల్పు మేర అడిగితే చాలదా?"

"వాసు కొలత పెట్టి అడుగుతుందా? బజారులో బేరంలా ఉండదూ?"

ఆ మాట నిజమే. ముక్కలు చేసి అడగడం ఇచ్చేవారిని చిన్నబుచ్చడమే. పెద్దల ముందు మాట ఎత్తేటప్పుడు కానుకగా ఇచ్చే, దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా మొక్క వేళ్ల కట్టను చంకన పెట్టుకొని ఉనైసి నాకోరో వెళ్లింది. పెద్ద ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చున్నవారిని దాటుకుంటూ, వాసుకు తగినట్టుగా, పెద్దలు కూర్చునే పైకొసన మేనమామ ఎమోసి పక్కకు వెళ్లి కూర్చుంది.

"మామయ్యా, మడ అడవిని పట్టణం చేతిలో పెట్టండి. బాట వేస్తారు."

ఎమోసి కానుక అందుకొన్న గుర్తుగా కట్టను తాకి, గుల్లగా పట్టిన చేతులతో చప్పట్లు కొట్టాడు. "తీసుకో తల్లీ."

"అడవిని పట్టుకుపో గానీ పీతల్ని మాకొదిలెయ్యి," అంది మేనమామ కూతురు మేరెవాలు, అందరినీ నవ్విస్తూ.

"పీతలూ మీవే, చెట్లూ మీవే వదినా. మాట నాది."

తరువాత ఆమె వేరే దీవుల పురపాలకులకు పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. వానలు వెనుకబట్టాక తిరిగి వచ్చేసరికి వైసలా పొలిమేరలో లారీలు బారులు తీరి ఉన్నాయి. పగడపు రాయి దిమ్మరిస్తున్నాయి. నరికిన మడచెట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. కెలికిన బురద వాసన దారి పొడవునా ముక్కు పట్టుకునేలా ఉంది. సగం అడవి అప్పటికే లేదు.

ఆమె తిన్నగా రుసియాతే గదికి వెళ్లింది.

"అంగళ్లన్నీ దగ్గరగా ఒకేచోట ఉండాలని చెప్పిందెవరు?" అన్నాడతడు, ఆమె అడగకముందే. "నీ పాఠమే. ఊరికి దగ్గరలో చదునుగా చేసుకోగల చోటు అదొక్కటే."

"చెట్లు నరికి అంగళ్లు కట్టమన్నానా? ఆ లారీవాళ్లు కార్లు నిలపడానికి కూడా అంటున్నారు."

"జనం కార్లలో వస్తారు మరి. ఎక్కడ పెట్టుకుంటారు?"

"ఎప్పుడనుకున్నారు ఇది?"

రుసియాతే కిటికీ వైపు చూశాడు. "తరగతికి ముందే."

"అంటే నన్ను పంపేటప్పుడు నీకు తెలుసు."

"చెబితే వెళ్లేదానివా?"

మోసం చేసినవాడు అబద్ధమాడితే కనీసం కోప్పడవచ్చు. అతడు నిజమే చెప్పాడు. పగవాడి బాణం కవచాన్ని వెతుకుతుంది, అయినవాడి బాణం ఆ కవచం విప్పిన చోటునే తాకుతుంది.

రుసియాతే బీరువా తెరిచి, తప్పు మన్నించమని పెద్దలకు ఇచ్చే, నూనెతో ఎరుపెక్కిన తిమింగలం పన్నును తాడుతో సహా బల్లమీద పెట్టాడు. "మీవాళ్లు కోపంగా ఉన్నారట. ఇది పట్టుకెళ్లి క్షమించమను. దీంతో వాసే వస్తే మీ మామయ్య కాదనలేడు."

ఉనైసి దానిని తిరిగి అతడి వైపే తోసింది. "మొదట అడగడానికి నా నోరు వాడుకున్నావు. ఇప్పుడు ఏడవడానికి నా కళ్లు కావాలా, బావా? నీ పన్ను నువ్వే మోసుకెళ్లు."

ఆ సాయంత్రం ఆమె సొంతంగా కొన్న యంగోనాతో నాకోరో వెళ్లింది. పెద్ద ఇంట్లో పైకొసకు నడవలేదు. గుమ్మం పక్కన, కొత్తవారు కూర్చొనే చోట, చాప అంచున కూర్చుంది.

"మా పీతలక్కూడా తరగతి చెప్పావా?" అంది మేరెవాలు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మామయ్యా, ఏదీ అడగడానికి రాలేదు," అంది ఉనైసి. "నేను అడిగినది తప్పు. బావ నన్ను మోసం చేశాడు, కానీ మీరు నమ్మింది బావను కాదు. వాసుగా మీ ఊళ్లో నాకున్న హక్కును మీ ముందే వదిలేస్తున్నాను. ఇకమీదట ఈ నోరు ఇక్కడ ఏదీ అడగదు."

ఎమోసి చాలాసేపు కట్టను తాకలేదు. ఆమె తల్లి పెరిగిన ఇల్లది. పైకొసకు రమ్మని ఒక్క పిలుపు వస్తుందని ఉనైసి ప్రాణం గుమ్మం దగ్గర కాచుకొని ఉంది.

చివరకు ఆయన కట్టను తాకాడు. "రేపు మేమంతా పట్టణానికి వెళ్లి ఆ లారీల ముందు కూర్చుంటాం," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "నువ్వు రావద్దు తల్లీ. నిన్ను చూస్తే మళ్లీ ఏదైనా ఇచ్చేస్తాం," అన్నాడు.

యంగోనా కలిపారు. కొబ్బరి చిప్ప పైకొస నుంచి ఒక్కొక్కరికీ దిగుతూ, అందరూ తాగాక, చిట్టచివర ఉనైసి చేతికి వచ్చింది. ఆమె మర్యాదగా చప్పట్లు కొట్టి, కొత్తవారు తాగినట్టే, ఒక్క గుక్కలో తాగింది.

ఈ కథ విన్నవారి మాట మన్నికై నిలుచుగాక. నమ్మినవారి వాకిట వారికి పిలుపు కరువు కాకుండుగాక. వారి తీరాన చెట్టు వేరూడకుండుగాక. స్వస్తి.