ఎడమచేతి కర్ర

నేను ఒక హాకీ కర్రను. నేల మీద ఆడే రకం కాదు. కాళ్లకు స్కేట్లు కట్టుకుని మంచుగడ్డ మీద జారుతూ ఆడతారే, ఆ రకం. ఎక్కడో చలిదేశంలో చెక్కపొరలు అంటించి నన్ను చేశారు. చివర వంపు తిప్పి, ఎడమచేతివాటం వాళ్ల వరుసలో నిలబెట్టారు.

నన్ను కొన్నది పైడిరాజు. విజయనగరంలో నేల హాకీ ఆడి, పటాలంలో చేరి, లేహ్‌లో మంచు చూసిన మనిషి. నేల హాకీలో కర్రలన్నీ కుడిచేతివే. ఇక్కడ రెండు రకాలుంటాయని అతనికి తెలియదు. దుకాణంలో అడగడం నామోషీ. నా ఎర్రచారలు చూసి మురిసిపోయి కొనేశాడు.

కుడిచేతివాటం మనిషి ఎడమచేతి కర్ర కొన్న సంగతి రెండో చలికాలంలో బయటపడింది. నవ్వినవాళ్లతో "అలవాటైపోనాది, ఒగ్గేయండి" అన్నాడు. పటాలం వదిలాక పన్నెండేళ్లు జీతానికి ఆడుతూ ఆరు జట్లు మారాడు. ఎవరికో కాలు విరిగితే పిలిచేవారు, ఆ కాలు అతుక్కోగానే పంపేసేవారు. నల్లటి రబ్బరు బిళ్లను అతను గురిచూసి కొడితే నా వంపు మీద జారి గోడకు తగిలేది. మొత్తం కొట్టిన గోల్స్ నాలుగు. అందులో ఒకటి మా గోల్‌లోనే. ఎక్కువకాలం బెంచీ మీదే కూర్చున్నాం కాబట్టి నేను విరగలేదు.

తర్వాత హైదరాబాదులో ఒక మాల్‌లో మంచుమైదానం కడితే అక్కడ కోచ్ అయ్యాడు. ఇంట్లో అతని భార్య నూకరత్నం నాతో బూజు దులిపేది. మ్యాచ్ రోజున మాత్రం నన్ను చేతపట్టుకుని దర్జాగా వెళ్లేవాడు. "నా కర్రనెవులూ ముట్టకండి" అని ఆటగాళ్లకు ఆజ్ఞ. ముడితే వంపు ఎటుందో తెలిసిపోతుంది మరి.

ఆ ఆదివారం గెలిస్తేనే కోచ్ కొలువు ఉంటుందని మాల్ మేనేజరు ముందే చెప్పేశాడు. చెరో రెండు గోల్స్. నిమిషం మిగిలింది. అప్పుడు మా జట్టులో ఆడే కుందన కర్ర ఫట్‌మని విరిగింది. కుందనది ఎడమచేతివాటం.

"సార్, కర్ర! తొందరగా!" అంటూ జారుకుంటూ వచ్చింది. బెంచీ దగ్గరున్నవన్నీ కుడిచేతివే. పైడిరాజు నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

వెనక కుర్చీల్లోంచి నూకరత్నం కేకేసింది. "ఏటలా సూత్తన్నావ్? నీ సేతిలోది ఎడంసేతిదే కదేటి! ఇచ్చేయ్! బూజుకి ఇంకోటి కొనుక్కుంతాను!"

బెంచీ అంతా గొల్లున నవ్వింది. పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఇచ్చేశాడు.

కుందన చేతుల్లో నా వంపు మొదటిసారి ముందుకు చూసింది. బిళ్ల వచ్చి అందులో బుద్ధిగా కూర్చుంది. ఆమె విసిరిన విసురుకు గోల్‌కీపర్ భుజం మీదుగా వెళ్లి వలలో పడింది.

ఆట అయ్యాక కుందన నన్ను తిరిగి ఇవ్వబోయింది. పైడిరాజు తీసుకోలేదు. "నీకాడే ఉంచుకోమ్మా" అన్నాడు.

మర్నాడు కొత్త కర్రతో మైదానానికి వచ్చాడు. దుకాణంలో ఏం జరిగిందో నూకరత్నమే అందరికీ చెప్పి నవ్వించింది. యాభై రెండేళ్ల మనిషి గల్లా దగ్గర నిలబడి, చుట్టుపక్కల చూసి, మెల్లిగా అడిగాడట: "బాబూ, ఇందల కుడిసేతిదేది?"