బుల్లమ్మ చెప్పని పేరు

బుల్లమ్మ ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి డైరెక్టరు. నవ్వకండి, నిజమే. చేపలు కడిగిన చేత్తోనే కంపెనీ కాగితాల మీద సంతకాలు పెడుతుంది. ఆ సంతకం తప్ప ఇంకో అక్షరం రాయడం రాదు.

ఆమె మొగుడు గంగులు జాలరి ఇంట పుట్టాడన్న మాటే గానీ, పడవెక్కితే చాలు కళ్లు తిరిగి వాంతులు చేసుకునేవాడు. పల్లెంతా పగలబడి నవ్వింది. రొయ్యల ఫ్యాక్టరీలో చల్లటి గదుల మిషన్లు బాగుచేసే కాంట్రాక్టు దొరికాకే అతను తలెత్తుకు తిరిగాడు. ఇంతలో ఫ్యాక్టరీవాళ్లు, "మనుషులతో మాకు ఒప్పందాలొద్దు, కంపెనీ అయితేనే పని" అన్నారు. గంగులు విజయనగరంలో ఆడిటరు యుగంధర్ దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరు డైరెక్టర్లు కావాలన్నాడు ఆడిటరు. కూతురు తులసి అత్తారింటికి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిందే ఇద్దరు! అలా పుట్టింది గంగులు ఇంజనీరింగ్ వర్క్స్ ప్రైవేట్ లిమిటెడ్.

"కంపెనీ వేరు, మీరు వేరమ్మా. కంపెనీలో మొగుడూ పెళ్లాలుండరు, డైరెక్టర్లే ఉంటారు" అని యుగంధర్ చెబితే బుల్లమ్మ సిగ్గుతో మెలికలు తిరిగిపోయింది.

బండి గాడిన పడిందనుకుంటుండగా, రెండువేల పదిహేడులో జీఎస్టీ వచ్చిపడింది. "నంబరు లేని కంపెనీకి వచ్చే నెల నుంచి పని లేదు" అని ఫ్యాక్టరీవాళ్లు తెగేసి చెప్పారు. గంగులుకి అన్నం సయించలేదు. నంబరు కోసం దరఖాస్తు పెట్టాడు. బోర్డు మీద కూడా నంబరుండాలని ఆడిటరు అన్నాడో లేదో, నంబరు రాకముందే బోర్డు ఊడదీసి కోటబొమ్మాళి పెయింటరుకి ఇచ్చేశాడు. అంత ఆత్రం మనిషి!

సరిగ్గా అప్పుడే, కంపెనీ అసలుందో లేదో చూడడానికి జగన్నాధం అనే జీఎస్టీ ఆఫీసరు ఆటో దిగాడు. ఇంటిముందు రెండు కోళ్లు, ఓ పాత మోటారు కనిపించాయి.

"కంపెనీ ఎక్కడమ్మా?"

"ఇదే బాబూ. కూకోండి."

"బోర్డేదీ?"

"పెయింటరు కాడున్నాది."

"మీరెవరు?"

"డైరెక్టర్ని."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, కంపెనీ పేరు చెప్పండి."

ఖర్మ! మొగుడి పేరు నోటితో అనడం బుల్లమ్మకి ఇంటావంటా లేదు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పి పంపింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ పేరు ఆమె నోట రాలేదు. ఈ మహానుభావుడేమో తన పేరే కంపెనీకి తగిలించుకున్నాడు.

"మా తులసి నాన్న పేరే బాబూ."

"ఆయన పేరేంటి?"

"అదే, కంపెనీ పేరు."

"కంపెనీ పేరేంటమ్మా?"

"సెప్పాను కదా, మా తులసి నాన్న పేరు. మీ కాగితంలో నేదేటి?"

"నేను చదివితే ఎలా? మీరు చెప్పాలి."

గంగులుకి ఫోను చేస్తే మోగుతూనే ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు మరి. "ఓలమ్మ, దేముడమ్మా! బేగి రాయే! మా ఆయన పేరు సెప్పి పోయే!" అని పక్కింటామెని కేకేసింది.

దేముడమ్మ వచ్చి, సంగతి విని, నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఆమె మొగుడూ గంగులే! గంగమ్మ తల్లిని కొలిచే పల్లె కదా, సగం మంది మగాళ్లు గంగులే, మిగతావాళ్లు ఆ గంగుల తమ్ముళ్లు. బావగారి పేరైనా ఆడది అనకూడదాయె. మగాళ్లంతా వేటకి పోయారు, పిల్లలు బడికి పోయారు. ఆఫీసరు వీధంతా తిరిగాడు. ఏ గుమ్మంలో అడిగినా కొంగూ, కిసుక్కుమని నవ్వూ తప్ప జవాబు లేదు.

"ఊరు ఊరంతా కలిసి నాటకమాడుతున్నారా?" అంటూ మండిపడుతూ తిరిగొచ్చాడు. "కంపెనీ లేదని రాసేస్తాను." పెన్ను తీశాడు.

ఆ ముక్క రాస్తే నంబరు రాదు, ఫ్యాక్టరీ పనీ ఉండదు. ఇన్నాళ్లకి తలెత్తుకున్న మనిషి మళ్లీ ఊరి నవ్వులపాలు. పాపం, పడవ కూడా ఎక్కలేడే! బుల్లమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు యుగంధర్ మాట గుర్తొచ్చింది.

ముక్కు చీది, కొంగు నడుముకి దోపింది. పరాయి మగాడి ముందు ఏనాడూ కూర్చోని మనిషి, కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది.

"ఆగండి బాబూ. పెళ్లాన్నయితే సచ్చినా సెప్పను. డైరెక్టర్నిగా సెప్తాను, రాసుకోండి. కంపెనీ గంగులు ఇంజనీరింగ్ వర్క్స్ ప్రైవేట్ లిమిటెడ్. ఎండీ గంగులు. ఆల నాన్న పెదగంగులు!"

"మావగారి పేరు అడగలేదమ్మా" అన్నాడు ఆఫీసరు బెదిరిపోయి.

గుమ్మంలో ఏదో దభీమని పడింది. చూస్తే గంగులు! పెయింటరు నంబరుకి చోటు వదిలి రాసిచ్చిన బోర్డు భుజం మీంచి జారి కాళ్ల దగ్గర పడింది. దాన్ని ఎత్తాలని కూడా తోచక, నోరు తెరుచుకుని పెళ్లాం వంకే చూస్తున్నాడు. బుల్లమ్మ పుస్తెలు కళ్లకద్దుకుని లోపలికి పరిగెత్తింది.

నంబరు వచ్చింది. పనీ నిలబడింది. నంబరు వచ్చిన రోజు సాయంత్రం గంగులు పెళ్లాం చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

"ఒసే, ఆవేళ అన్నావు సూడు... ఇంకోపాలి అనవే."

"ఛీ, నానన్ను."

"నీ నోట ఎంత బాగున్నాదో తెలుసా? నాకు ఏడుపొచ్చేసినాది."

బుల్లమ్మ ముసిముసిగా నవ్వింది. "అయితే బోర్డు మీటింగు ఎట్టు."

గంగులు గబగబా తలుపేసి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాడు.