పదిహేనో మెట్టు

బల్ల మీద వెల్లకిలా పరుండబెట్టిన గిటారుకు తీగలు లేవు. ఆరింటినీ విప్పి, చుట్టలుగా చుట్టి, కాగితపు సంచిలో వేసి పక్కన పెట్టింది మరమ్మతుల అక్క. ముప్పై ఏళ్లుగా ఆ ఇరుకు దుకాణంలో తీగవాద్యాలను బాగుచేస్తున్న ఆమెను ఆమెకంటె పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆమె కుడిచేతి పక్కన సోల్డరింగ్ కడ్డీ వేడెక్కుతున్నది. మెడ మీది లోహపు మెట్లను ఒక్కొక్కటిగా కాచి, పటకారుతో పెరికి, వాటి స్థానంలో కొత్తవి దిగగొట్టడం ఆనాటి పని.

ఎదుట ముక్కాలిపీట మీద కూర్చున్నవాడు ఆ గిటారుకు యజమాని. ఎంతటి సభలోనైనా తొణకక వాయిస్తాడని వాద్యబృందంలో అతనికి ‘నిదానం’ అని పేరు పెట్టారు. ఆ ఉదయం మాత్రం ఆ నిదానమే మోకాలు ఆడిస్తూ కూర్చున్నాడు. అందుకు కారణం పదిహేనో మెట్టు. ఇరవై రెండేళ్ల వాయింపుకు రెండో తీగ కింద ఆ మెట్టు అరిగి గాడిపడింది. అక్కడ తీగను నొక్కి పక్కకు లాగితే స్వరం పుట్టీపుట్టకముందే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. పదకొండేళ్లుగా అతడు ఆ చోటికి వెళ్లడమే మానివేశాడు. అదే స్వరాన్ని ఒకటో తీగ మీద, పన్నెండో మెట్టు దగ్గర పలుచగా పలికించి నెట్టుకొస్తున్నాడు. సభలో కూర్చున్నవారెవరికీ అది తెలియలేదు. సంగీత దర్శకుడికి తెలిసింది.

“ఆ పాట చివరి స్వరం రెండో తీగ మీదే లాగాలయ్యా. ఎనిమిది మాత్రలు నిలబడాలి,” అని కిందటి వారం ఆయన మొహం మీదే అన్నాడు. “రికార్డింగునాడు నిలబడిందా, సరే. లేదంటే ఆ పాదం కీబోర్డుకిచ్చేస్తా. ఆ తర్వాతి పాటలూ దానికే.”

ఆ రికార్డింగు మరునాటి మధ్యాహ్నమే.

అక్క కడ్డీని చేతిలోకి తీసుకున్నది. అప్పుడే నిదానం బావమరిది తలుపు తోసుకుని, చెప్పులైనా విడవకుండా లోపలికి వచ్చిపడ్డాడు. అతడూ గిటారిస్టే, అదే బృందంలో బావకు పక్కవాద్యం వాయిస్తాడు. బావకు ఉన్నటువంటి గిటారే అతనికీ ఉన్నది. తీగలు బిగించే తల చివర ముక్కులా సాగి ఉంటుంది కనుక వాయించేవాళ్లందరూ ఆ నమూనాను పిచ్చుక అంటారు.

“ఆపు అక్కా! చెయ్యి తియ్యి!” అని అరిచాడు. “బావా, పిచ్చుకని ఆపేశారట!”

“ఎవరు ఆపేశారు?”

“కంపెనీవాళ్లే! అరవై ఏళ్ల నించి చేస్తున్నది ఇక చెయ్యరట. పొద్దున్నే ప్రకటన వచ్చింది. ఇదిగో, గిటారువాళ్ల గ్రూపులో ఒకటే గోల.”

ఫోను బల్ల మీద పెట్టి ఒక్కొక్క గొంతునూ వినిపించాడు. ఒకాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మరొకాయన, పీడ విరగడైంది, దాని బరువుకు నా భుజం పోయింది అంటున్నాడు. మూడో ఆయన ఇంట్లో ఉన్న రెండింటికీ ఫొటోలు తీసి, ఇకమీదట వీటిని ఎవరూ ముట్టుకోరాదని శాసించాడు. పోయినవారి గుణగణాలను తలుచుకున్నట్టు కొందరు ఆ గిటారు కంఠాన్ని తలుచుకుంటున్నారు. మరి కొందరు, నిజం చెప్పాలంటే దానికి కంఠమెక్కడిది అని తిట్టుకుంటున్నారు.

“వింటున్నావా బావా? ఇక పుట్టేవి లేవు. ఉన్నవే ఉన్నవి. ఇలాంటప్పుడు దాని ఒంటి మీద మెట్లు పీకిస్తావా? కంపెనీ వేసిన మెట్లు అవి! అవి పోతే అది పిచ్చుకే కాదు.”

“కారుకి బ్రేకులు మారిస్తే కారు కాకుండా పోతుందా అబ్బాయ్?” అన్నది అక్క, కడ్డీ మొనను తడిగుడ్డకు తుడుస్తూ.

“నీకేంటక్కా, నీకు అన్నీ ఇనప ముక్కలే.”

“మరి బంగారంతో చేశారేంటి?”

నిదానం చేయి దానంతటదే ముందుకు సాగి గిటారు మెడను పట్టుకున్నది. ఇరవై రెండేళ్లు నిత్యం తాకిన ఆ కొయ్య అప్పుడే పరాయిదానిలా, గాజుతో చేసినదానిలా తోచింది. “ఇవాళ్టికి ఆగుదామక్కా,” అన్నాడు.

“రేపు నీ రికార్డింగు. మర్చిపోయావా తమ్ముడూ?”

“ఆలోచించుకుని వస్తా.”

“ఆలోచించడానికి ఏముంది? నువ్వు రాకపోతే నాకొక పని తగ్గుద్ది, నీకు అన్నీ తగ్గుతాయి,” అని ఆమె తీగల సంచిని అతని చేతిలో పెట్టింది.

అతడు గిటారును పెట్టెలో పెట్టుకుని బస్సెక్కాడు. పెట్టెను కాళ్ల దగ్గర ఉంచితే ఎవరి కాలైనా తగులుతుందని ఒళ్లోకి తీసుకున్నాడు. ఒళ్లో ఉంటే కిటికీ ఎండ పడుతున్నదని లేచి నిలుచున్నాడు. రెండు స్టాపుల ముందే దిగి మిగిలిన దారి నడిచాడు.

ఇంట్లో భార్య బీరువా ముందు నిలబడి ఉతికిన బట్టలు సర్దుతున్నది. అతడు పెట్టెను మొదట బీరువా మీదికెక్కించాడు. పైకప్పు వేడికి మెడ వంగుతుందేమోనని దించి మంచం కిందికి తోశాడు. నేల చెమ్మ గుర్తుకు వచ్చి బయటికి లాగాడు. తలుపు వెనక నిలబెట్టాడు. ఎవరైనా తలుపు తెరిస్తే దెబ్బ తగులుతుందని అక్కడినుంచీ తీశాడు.

“ఏమండీ, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి? అది బాగైందా లేదా?”

“బాగుచెయ్యకూడదట.”

“ఎవరన్నారు?”

“మీ తమ్ముడు.”

“వాడి మాట వింటున్నారంటే మీకేదో అయింది. చిన్నప్పుడు కొత్త చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని బడికెళ్లినవాడు వాడు.”

అతడికి నవ్వు రాలేదు. మంచం మీద కూర్చుని పాత తీగలనే మళ్లీ ఎక్కించి, శ్రుతి చేసి, చివరి పాదం అందుకున్నాడు. పాదం నడిచినంతసేపూ నడిచింది. రెండో తీగను పదిహేనో మెట్టు మీద నొక్కి లాగాడు. స్వరం దగ్గి ఆగిపోయింది. యతి తప్పినచోట పద్యం చదివే నాలుక తడబడినట్టు, ప్రతిసారీ చేయి అక్కడికి వచ్చేసరికి తడబడుతున్నది. పదిసార్లు లాగాడు. పదిసార్లూ ఆగింది. అవతలి గదిలోకి వెళ్లి లాగాడు, గది మారితే మెట్టు మారుతుందన్నట్టు.

లోకంలో పుట్టిన ప్రతిదానికీ అరుగుదల రాసిపెట్టే ఉంది. ఇది తెలియని మనిషి లేడు. అయినా తన చేతిలోని ఒక్క వస్తువును మాత్రం భగవంతుడు ఆ లెక్కనుంచి తప్పిస్తాడని ప్రతివాడూ లోలోపల ఆశపడతాడు. నిదానం ఆ ఆశను విడవనూలేడు. మరునాటి పాటను విడవనూలేడు. మధ్యాహ్నం అయ్యేసరికి మూడో దారి ఒకటి తట్టి, బావమరిదికి ఫోను చేశాడు.

“ఒరేయ్, రేపొక్క పూటకి నీ పిచ్చుకనివ్వరా. నీ మెట్లు నాకన్నా నయం కదా.”

“నాదా బావా? దానికి ప్లాస్టిక్ చుట్టేశాను.”

“విప్పరా.”

“నాలుగు చుట్లు చుట్టాను బావా. టేపు కూడా వేశాను. గాలి తగలకూడదని.”

“రేపు మరి నువ్వేం వాయిస్తావు?”

“మా పక్కింటాయనదేదో ఉంటే తెచ్చుకున్నా. దాని మీద ఏదో కార్టూను బొమ్మ ఉంది. అదొక్కటే ఇబ్బంది.”

“నువ్వు మనిషివేనా?”

“కోప్పడకు బావా. నువ్వు కూడా చుట్టెయ్యి. నా దగ్గర ఇంకా సగం చుట్ట మిగిలింది, పంపిస్తా.”

నిదానం ఫోను పెట్టివేశాడు. నాలుగు చుట్ల ప్లాస్టిక్‌లో ఊపిరాడక పడున్న ఆ గిటారు అతని కళ్ల ముందు మెదిలింది. తన పక్కనే కూర్చుని అన్నేళ్లు పలికిన గిటారు అది. అతడు మరి ఆలోచించలేదు. పెట్టెను భుజాన వేసుకుని, ఈసారి బస్సు కోసం కూడా ఆగక నడిచాడు.

అక్క మరెవరిదో వయొలిన్‌కు జిగురు పూస్తున్నది. అతన్ని చూడగానే వయొలిన్‌ను అవతల పెట్టి, బల్ల తుడిచి, కడ్డీ స్విచ్చి వేసింది.

“చివరిసారి అడుగుతున్నా. పీకాక మళ్లీ అవే పెట్టమంటే పెట్టలేను. మళ్లీ లేచిపోతావా?”

“లేవను.”

“అయితే ఈ పదిహేనోది నువ్వే పీకు. తర్వాత నన్ననకుండా.”

ఆమె మెట్టును కాచి, పటకారును ఎలా పట్టాలో చూపింది. అతడు ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా నొక్కుతూ వెళ్లాడు. మెట్టు లేచివచ్చింది. దానితోపాటు గోరంత చెక్కపెళ్ల కూడా లేచింది. అతడు పటకారును బల్ల మీద పెట్టేశాడు.

“ప్రతిదానికీ లేస్తుందిలే,” అని అక్క ఆ పెళ్లను చుక్క జిగురుతో అంటించి, వేలితో అదిమింది. “ఇంక పొద్దున రా. ఇక్కడే కూర్చుంటే నా ప్రాణం తీస్తావు.”

మరునాటి ఉదయానికి ఇరవై రెండు మెట్లూ కొత్తవై మెరుస్తున్నాయి. అక్క దుకాణంలోనే అతడు పదిహేనో మెట్టు మీద తీగను లాగి చూశాడు. స్వరం నిండుగా లేచి, గోడలకు తగిలి, ఎంతసేపటికీ దిగిపోలేదు. అతడు నమ్మలేక మళ్లీ లాగాడు.

స్టూడియోలో పాట మొదటినుంచి చివరి పాదం దాకా చక్కగా సాగింది. చివరి స్వరం వచ్చింది. నిదానం వేలు ఒకటో తీగ మీదికి, పన్నెండో మెట్టుకు పరుగెత్తింది. పలుచని ఆ పాత స్వరమే పలికింది.

అద్దం వెనక దర్శకుడు తల పైకెత్తాడు. “ఏమయ్యా, మెట్లు మార్పించానన్నావు?”

“మార్పించానండీ. ఇంకొక్కసారి.”

రెండోసారి అతడు మనసును ఆ వేలి మీదే నిలిపాడు. అయినా సమయానికి వేలు మనసుకు చెప్పకుండానే పారిపోయింది. పదకొండేళ్లు భయపడిన వేలు అది. మెట్టు మారిన సంగతి దానికి ఇంకా తెలియదు. గిటారు బాగుపడింది. బాగుపడవలసినది ఇంకా మిగిలే ఉంది.

“సరే, ఆ పాదమొక్కటే విడిగా తీద్దాం. ఇదే ఆఖరు,” అన్నాడు దర్శకుడు. కీబోర్డు వాయించే ఆమె మర్యాదకు కిటికీ వైపు తిరిగింది కాని, ఆమె వేళ్లు ఒళ్లో ఆ స్వరాన్ని అప్పుడే సరిచూసుకుంటున్నాయి.

బొమ్మల గిటారును ఒళ్లో పెట్టుకున్న బావమరిది పక్కకు వంగి గుసగుసలాడాడు. “చెప్పానా బావా? కంపెనీ మెట్లయితే చెయ్యి ఇలా తప్పేదా?”

నిదానం గిటారు తల దగ్గర ఒకటో తీగ మరను గబగబా వెనక్కి తిప్పసాగాడు. ఒకటో తీగ వదులై, వేలాడి, ఊడివచ్చింది. అతడు దాన్ని చుట్ట చుట్టి బావమరిది చేతిలో పెట్టాడు.

“ఇదేంటి బావా! తీగ తీసేశావు!”

“పట్టుకో. ఇక నా వేలు పోవడానికి చోటు లేదు.”

“ఐదు తీగలతో వాయిస్తావా? జనం నవ్వుతారు!”

“రికార్డింగులో జనం ఎక్కడున్నార్రా?”

ఎర్రదీపం వెలిగింది. పాదం నడిచింది. వేలు అలవాటుగా అంచుకు జరిగి, అక్కడ శూన్యాన్ని తాకి, ఒక్క క్షణం తడుముకుని, వెనక్కి వచ్చి రెండో తీగ మీద దిగింది. అతడు లాగాడు. ఆలస్యమైన ఆ క్షణం వల్ల స్వరం ఊపిరి తీసుకుని మొదలైనట్టయింది. మొదలయ్యాక మాత్రం నిలబడింది. నాలుగు మాత్రలు. ఆరు. ఎనిమిది. దర్శకుడు చాలని చెయ్యి ఎత్తాడు.

నిదానం ఆపలేదు. తీగను ఇంకొంచెం లాగి పట్టుకుని, కళ్లు మూసుకుని, అలాగే ఉండిపోయాడు.