గుడ్డు హాజరు

జూన్ నుంచి ఆగస్టు దాకా నేను ఒక్కరోజు కూడా కాలేజీ ఎగ్గొట్టలేదు. కాలేజీ రిజిస్టరు ప్రకారం ఒక్కరోజు కూడా వెళ్లలేదు. రెండూ నిజమే.

మాది నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన జూనియర్ కాలేజీ. సెక్షన్లో అరవై రెండు మందిమి, నా నంబరు నలభై ఏడు. మొదటి పీరియడ్ లెక్కలు. ఫణికిరణ్ సార్ రిజిస్టరు మీద వంచిన తల ఎత్తకుండా నంబర్లు చదువుకుంటూ పోతారు. అంతా కలిపి రెండు నిమిషాల పని.

ముప్పై దగ్గర నా గుండె మొదలవుతుంది. నలభై దగ్గర చేతులు చల్లబడతాయి. నలభై ఐదు దగ్గర చెవుల్లో గుయ్యిమంటుంది. సార్ "ఫార్టీ సెవెన్" అంటారు. నా గొంతు మూసుకుపోతుంది. చెయ్యి ఎత్తుతాను, సార్ చూడరు. "ఆబ్సెంట్" అని రాసుకుని "ఫార్టీ ఎయిట్" అంటారు. నలభై ఎనిమిది నగేష్. వాడు "ప్రెజెంట్ సార్" అంటే హిమాయత్‌నగర్ దాకా వినిపిస్తుంది. ఆ తర్వాత నాకు అన్నీ సర్దుకుంటాయి. రెండో బెంచీ మీద కూర్చుని లెక్కలు చక్కగా చేసుకుంటాను.

క్లాసు అయ్యాక వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక పద్ధతి. పదో రోజున వెళ్తే ఈ తొమ్మిది రోజులూ ఏం చేశావని అడుగుతారు. ఇరవయ్యో రోజున చెప్పడానికి ఇంకా సిగ్గేస్తుంది. నా పక్కన కూర్చునే అమ్మాయి నాకు మాటలు రావనుకుంటుందేమో, నోట్సు కావాలన్నా సైగ చేసి అడుగుతుంది.

హాజరు పడకపోతే పదకొండుంబావుకి ఇంటికి మెసేజ్ వెళ్తుంది. అడ్మిషన్ ఫారంలో తండ్రి ఫోన్ నంబరుకు మాత్రమే గడి ఉంది. అందుకని అది సిద్దిపేటలో ఉన్న మా బాపుకు వెళ్తుంది. బాపు దాన్ని ఒక్క మాట కలపకుండా అమ్మకు పంపిస్తాడు. అమ్మ ఒక్క మాట కలపకుండా నాకు పంపిస్తుంది. నేను రాలేదన్న సంగతి నారాయణగూడలో బయల్దేరి, సిద్దిపేట వెళ్లి, అశోక్ నగర్ మీదుగా తిరిగి నారాయణగూడలో ఉన్న నాకే చేరుతుంది. రాత్రి అమ్మ ఎటు పోయినవని అడిగితే మాట మారుస్తాను.

అమ్మా బాపూ విడిపోయారు. ఏప్రిల్లో సామాను పంచుకున్నారు. ఫ్రిజ్ బాపుకు, మిక్సీ మాకు, నేను అమ్మకు. బాపు తాగడు, కొట్టడు, ఎవరినీ ఒక మాట అనడు. అసలు మాటే అనడు. కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేస్తాడు. పొద్దున షెడ్డుకు వెళ్లి రాగితీగ చుట్టుకుంటూ కూర్చుంటే చీకటి పడ్డాకే లేస్తాడు. అమ్మ పిలిస్తే పలకడు. కూర ఎట్లుందంటే పలకడు, నాకు జ్వరమొచ్చిందంటే డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తేవాడు కానీ పలికేవాడు కాదు.

"గోడనన్న కొడితే సప్పుడొస్తది" అనేది అమ్మ. పదహారేళ్లు చూసి కోర్టుకు వెళ్లింది. కోర్టులో బాపు పేరు పిలిచారట, రాలేదట. రెండో వాయిదాకూ రాలేదు, మూడోదానికీ రాలేదు. ఆయన లేకుండానే తీర్పు ఇచ్చేశారు.

"నా కోసం రాకుంటే రాకపాయె, బిడ్డ కోసమన్న రావద్దా?" అంది అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి. నేను పక్క గదిలో ఉన్నాను. విన్నాను. నా కోసం కూడా రాలేదు కాబట్టి నేను బాపును తలుచుకోవడం మానేశాను. కనీసం అలా అనుకున్నాను.

అశోక్ నగర్లో అమ్మ ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. ముప్పై ఒక్క మంది అక్కలు, అందరూ సర్కారు పరీక్షలకు చదివేవాళ్లే. వంటింటి పక్క గది మాది. ఓనర్ సుబ్బులుగారు చిక్కడపల్లిలో ఉంటారు. నెలకోసారి వచ్చి గేటు మీద బోర్డు సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెళ్తారు. 'మగవారికి గేటు లోపలికి ప్రవేశం లేదు' అని ఉంటుంది ఆ బోర్డు మీద.

బుధవారం మధ్యాహ్నం మా దగ్గర గుడ్డు కూర. మనిషికి ఒకటి. మేము వచ్చిన కొత్తలో ఎవరో రెండేసి తీసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో ఇప్పటికీ తేలలేదు. భారత రాజ్యాంగం మొత్తం కంఠతా వచ్చినవాళ్లు ముప్పై ఒక్క మంది ఉన్నా ఆ కేసు తేలలేదు. అప్పటినుంచి అమ్మ నోటుబుక్కు పెట్టింది. పేరు చదువుతుంది, "ఉన్న" అంటే టిక్కు కొట్టి పళ్లెంలో గుడ్డు వేస్తుంది. పలకకపోతే గుడ్డు లేదు. దీనికి గుడ్డు హాజరు అని పేరు పెట్టింది స్వరూపక్క.

స్వరూపక్కది మహబూబాబాద్. గ్రూప్-2 మూడోసారి రాస్తోంది. ఒకనాడు బట్టలు తీసుకోవడానికి డాబా ఎక్కితే నేను నీళ్ల ట్యాంకుకు ఎదురుగా నిలబడి "ప్రెజెంట్ సార్" అంటున్నాను.

"ఏమంటున్నది ట్యాంకు?" అని అడిగింది.

క్లాసు బయట, ఒక్కరితో అయితే నేను బాగానే మాట్లాడతాను. నలుగురిలో పేరో నంబరో పెట్టి పిలిచి, పలకడం కోసం ఆగితేనే నాకు ఆగిపోతుంది. మొత్తం చెప్పేశాను. స్వరూపక్క అంతా విని ఒక తెల్లకాగితం మీద 'కారణాలు, పరిణామాలు, నివారణ చర్యలు' అని మూడు శీర్షికలు పెట్టింది. ఆమెకు వేరే రకంగా ఆలోచించడం రాదు.

"పరేషాన్ గాకు. మందిల పలుకుడు అలవాటు కావాలె, గంతే. గుడ్డు హాజరుల నీ పేరు గూడ రాయిస్త. మనోళ్లే గదా, ఎవరు నవ్వుతరు?"

"అమ్మకు మాత్రం సంగతి చెప్పకక్కా."

"ఎందుకు?"

నేను తీగ మీది బట్టలు తీసి ఆమె చేతికిచ్చాను. అమ్మ బాపును వదిలేసింది ఒకే ఒక్క కారణానికి. ఆ కారణం నా లోపల కూడా ఉందని తెలిస్తే నన్నేం చేస్తుంది? ఈ ఆలోచన వస్తే నాకు నలభై ఏడు కూడా అక్కర్లేదు, ఊరికే కూర్చున్నచోటే చేతులు చల్లబడతాయి.

ఆ బుధవారం కాలేజీకి ఏదో సెలవు. భోజనాల దగ్గర అందరికంటే వెనక నిలబడ్డాను. అమ్మ నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా ముప్పై ఒక్క పేర్లూ చదివింది. చివర "నిహారిక" అంది. నేను పళ్లెం పట్టుకుని నిలబడే ఉన్నాను. గొంతు రాలేదు.

"లేదు" అని రాసుకుంది అమ్మ.

కన్నతల్లి వండిన కూరలో నాకు గుడ్డు దక్కలేదు. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. "అచ్చం మీ బాపు లెక్క. పిలిస్తే పలుకవు" అంది. కోపంగా కూడా అనలేదు. అలసిపోయినట్టు అంది. గుడ్డు తెచ్చి పళ్లెంలో వేసింది కానీ నేను తినలేకపోయాను. స్వరూపక్క తింది. నివారణ చర్యల్లో మొదటిదాన్ని కాగితం మీద కొట్టేసింది కూడా.

మరుసటి మంగళవారం బాపు పంపిన మెసేజ్ కింద మొదటిసారి ఆయన సొంత మాట ఒకటి ఉంది. 'వస్తున్న.'

అమ్మ ఫోను నాకు చూపించింది. "సినిమాలకు తిరుగుతున్నవా? ఎవనితోనన్న తిరుగుతున్నవా? ఇప్పుడన్న చెప్పు. ఆయన వచ్చి నేను బిడ్డను చూస్కుంటలేనని నిన్ను తీస్కపోతా అంటే నేనేం చెయ్యాలె?"

చెబుదామని నోరు తెరిచాను. మూశాను. అమ్మ అటు తిరిగి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

బుధవారం పొద్దున బాపు హాస్టల్‌కు రాలేదు. జేబీఎస్‌లో బస్సు దిగి నేరుగా కాలేజీకి వచ్చాడు. నేను ఎక్కడెక్కడ తిరుగుతున్నానో కాలేజీ దగ్గరినుంచి వెతుకుదామని కాబోలు. సార్ ఇరవై రెండు అంటుండగా అటెండరు ఆయన్ని మా క్లాసు గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాడు. పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. రోజూ ముప్పై దగ్గర మొదలయ్యే గుండె ఆ రోజు ఇరవై రెండు దగ్గరే మొదలైంది.

బాపు బెంచీలన్నీ వెతికి నన్ను చూశాడు. నన్ను అక్కడ చూస్తాననుకోలేదని మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"ఫార్టీ సెవెన్."

నేను చెయ్యి ఎత్తాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఆబ్సెంట్. ఫార్టీ..."

"ఉన్నది సార్."

సార్ తల ఎత్తారు. జూన్ తర్వాత అదే మొదటిసారి. "ఎవరండీ మీరు? ఎవరున్నది?"

"నా బిడ్డ. గా రెండో బెంచి మీద. రెండు జడలు. చెయ్యి లేపింది, మీరు చూడలే."

సార్ నన్ను చూశారు. ఇంకా దించని నా చేతిని చూశారు. "నువ్వా అమ్మా ఫార్టీ సెవెన్? రోజూ వస్తూనే ఉన్నావా?"

తల ఊపాను. క్లాసంతా నవ్వింది. నగేష్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. సార్ మాత్రం నవ్వలేదు. రిజిస్టరు వెనక్కి తిప్పి నలభై ఏడు వరసలో పొడుగునా ఉన్న గుర్తులు చూసుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సార్, నలభై ఏడు కాడ ఒక్కసారి తల ఎత్తుండ్రి. గంతే. చెయ్యి లేపుతది" అన్నాడు బాపు. నా పదహారేళ్లలో ఆయన నోట నేను విన్న అన్నిటికంటే పెద్ద మాట అదే.

సార్ నాకు హాజరు వేసి బాపుతో పంపించారు. కాబట్టి కాలేజీ రిజిస్టరు ప్రకారం నేను క్లాసులో ఉన్న మొదటి రోజు, నేను క్లాసులో లేను.

చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. బాపు రెండు చాయ్‌లు అని వేళ్లతో చూపించాడు.

"నాకు గొంతు వస్తలేదు బాపు" అన్నాను.

"ఎరుకే."

"నీకెట్ల ఎరుక?"

ఆయన చాయ్‌లో ముంచిన బిస్కెట్టు విరిగి పడిపోయింది. దాన్ని చెంచాతో తియ్యడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. "కోర్టుల బంట్రోతు మూడుసార్లు పిలిచిండు. కరుణాకర్, కరుణాకర్, కరుణాకర్ అని. నేను ఆడనే ఉన్న బిడ్డా. వరండాల స్తంభం ఎన్క. కాళ్లు రాలే, గొంతు రాలే. లేడని రాస్కున్నరు. రెండో వాయిదాకు గూడ పోయిన. గట్లనే అయింది. మూడోసారి గేటు కాడికెల్లే వాపస్ వచ్చిన."

"మరి ఇందాక క్లాసులో ఎట్ల వచ్చింది?"

"పిలిచింది నా పేరు గాదు గదా."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నా కోసం రాలేదని ఏడ్చాను. మనిషి స్తంభం వెనకే ఉన్నాడట. "అమ్మకు చెప్తే అయిపోవు గదా!" అని గట్టిగా అరిచాను. హోటల్లో నాలుగు బల్లలవాళ్లు తిరిగి చూశారు. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

"ఏమని చెప్పాలె?" అన్నాడు బాపు. చాయ్ డబ్బులు ఇచ్చి లేచాడు, చిక్కడపల్లి లైబ్రరీ దాటి అశోక్ నగర్ గల్లీలోకి నడిచి వచ్చాం.

గేటు దగ్గర బోర్డు చదివి బయటే ఆగిపోయాడు. వాచ్‌మన్ కుర్చీ చూపించి నేను లోపలికి వెళ్లాను. భోజనాలకు అందరూ పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. అమ్మ నోటుబుక్కు తెరిచి ఉంది. ముప్పై ఒక్క మంది నావైపు చూశారు. నా చెవుల్లో గుయ్యిమని మొదలైంది. మొదలైతే అయిందని మాట్లాడాను.

"అమ్మా, నేను దినాం కాలేజీకే పోయిన. హాజరు పిలిస్తే నాకు గొంతు రాదు. చెప్తే బాపును వదిలిపెట్టినట్టు నన్ను గూడ వదిలిపెడ్తవని చెప్పలే. బాపు గూడ కోర్టుకు వచ్చిండు. స్తంభం ఎన్క ఉన్నడు. ఆయనకు గూడ గొంతు రాలే. ఇప్పుడు గేటు కాడ ఉన్నడు."

ఎవరో పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ నన్ను చూస్తూ కూర్చుంది. పెన్నుకు క్యాప్ పెట్టింది, మళ్లీ తీసింది. స్వరూపక్క కళ్లు తుడుచుకుంటూ, గుడ్లు చల్లారుతున్నాయని గుర్తుచేసింది.

అమ్మ హాజరు మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరూ చదివింది, ఒక్కొక్క పేరుకూ తల ఎత్తి చూసింది. చాలాసేపు పట్టింది. చివర "నిహారిక" అని తల ఎత్తింది. ఎత్తిన తల దించలేదు. నేను చెయ్యి ఎత్తాను. టిక్కు కొట్టింది.

"నిన్నెందుకు వదిలిపెడ్త, పిచ్చిదానా?" అంది. గుడ్డు నా పళ్లెంలో వెయ్యబోయి చేతిమీద వేసింది. ఇంకా వేడిగానే ఉంది.

తర్వాత ఇంకో పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని గేటు దాకా నడిచింది. బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అమ్మ ఆయన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

"కరుణాకర్" అంది.

బాపు నోరు తెరిచాడు. గొంతులో ఏదో కదిలింది కానీ బయటికి రాలేదు. అమ్మ రెండోసారి పిలవలేదు. పళ్లెం పట్టుకుని ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. కూరగాయల బండివాడు ఒకడు గల్లీ ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చి మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. అప్పుడు బాపు మెల్లగా చెయ్యి ఎత్తాడు.

"ఉన్నడు" అంది అమ్మ. గేటు సందులోంచి పళ్లెం ఇచ్చి, నోటుబుక్కు గోడకు ఆనించి నా పేరు కింద ఆయన పేరు రాసి టిక్కు కొట్టింది.

బాపు తిని, పళ్లెం కడిగి ఇచ్చి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు. వాళ్లేమీ కలిసిపోలేదు. ఫ్రిజ్ అక్కడే ఉంది, మిక్సీ ఇక్కడే ఉంది. నాకు ఇప్పటికీ ముప్పై దగ్గర గుండె మొదలవుతుంది. సార్ నలభై ఏడు దగ్గర తల ఎత్తుతారు, నేను చెయ్యి ఎత్తుతాను, మెసేజ్ వెళ్లదు.

బాపు పేరు మాత్రం నోటుబుక్కులో అలాగే ఉంది. కొట్టెయ్యమ్మా అంటే, కొట్టేస్తే బుక్కు ఖరాబైతదంటుంది. ప్రతి బుధవారం అందరి పేర్లూ అయ్యాక "కరుణాకర్" అని చదివి, తల ఎత్తి, గేటు వైపు కొంచెంసేపు చూసి, అప్పుడు 'లేడు' అని రాసుకుంటుంది.