తొంభై రోజుల రేషను

నా మొగుడు రాదెన్‌కో సరిహద్దు అవతల, పరాయి దేశంలో, మారిబోర్‌లో ఇళ్లు కడతాడు. నేను ఇవతల మా ఊరు చాచక్‌లో ఒక రవాణా ఆఫీసులో ఎక్సెల్ షీట్లు నింపుతాను. అతనికి పని కాగితాలున్నాయి; అవి లేని నాబోటివాళ్లను అక్కడ ఏ రోజు నుంచి వెనక్కి లెక్కేసినా నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండనిస్తారు. కట్టుకున్నవాడి పక్కన ఉండడానికీ రేషనే! అందుకే షీటొకటి చేసుకున్నాను. వెళ్లిన తేదీ ఒక గడిలో, తిరిగొచ్చిన తేదీ పక్క గడిలో, దీంట్లోంచి దాన్ని తీసేసే ఫార్ములా. మే పద్నాలుగు నుంచి నాలుగు ప్రయాణాలు, ఎనభై ఆరు రోజులు.

మిగిలిన నాలుగూ నవంబరు ఎనిమిదికని దాచుకున్నాను. ఆ రోజు మిత్రొవ్‌దాన్, మా ఇంటి పండుగ. ఇంటివాళ్లంతా రొట్టె మీద చేతులు వేసి, గుండ్రంగా తిప్పి, కోయాలి. మా ఇంట్లో ఇద్దరమే. అతనికి సెలవు లేదు. పెళ్లయి పదకొండేళ్లు, ఒక్క ఏడూ తప్పలేదు.

టికెట్ చూపిస్తే పక్కింటి జివానక్క షీటులోకి తొంగి చూసింది.

"ఓసి పిచ్చిమొహమా! పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే ఎన్ని రోజులే?"

"ఒకటి."

"మరి నీ ఫార్ములా?"

సున్నా అంటోంది. వెళ్లిన రోజూ వచ్చిన రోజూ రెండూ లెక్కేనని బస్సెక్కే ప్రతివాడికీ తెలుసు. ఆఫీసులో అందరి తప్పులూ పట్టే నాకే తట్టలేదు. ప్రతి వరుసకూ ఒకటి కలిపాను. తొంభై! గడి ఎర్రబడింది. మే పద్నాలుగు లెక్కలోంచి జారిపోతే తప్ప కొత్త రోజు దొరకదు, అది నవంబరు పదికి.

"రెండ్రోజులేగా, ఎవడు చూస్తాడు?" అన్నాను.

"చూస్తారే తల్లీ. మా మరదల్ని ఏడాదిపాటు రానివ్వలేదు."

ఏడుస్తూనే రొట్టె కాల్చి, గుడ్డలో చుట్టి, మారిబోర్ బస్సు డ్రైవరు చేతికిచ్చాను.

పండుగ సాయంత్రం రాదెన్‌కో ఫోనును గోడకు ఆనించి, కొవ్వొత్తి వెలిగించాడు. రొట్టెకు ఒక పక్కనే చెయ్యి వేశాడు.

"రెండో చెయ్యి కూడా వెయ్యవయ్యా," అన్నాను.

"అది నీ పక్క."

ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఇక్కడ నేను వంటింటి బల్ల మీద ఉత్తి చేతులు తిప్పాను.

"తిరిగిందా?"

"సగమే తిరిగిందే," అన్నాడు. "మిగతా సగం పదో తారీకున వచ్చి తిప్పు. అందాకా కోయను."