కాలరు లోపలి ముడి

"నాలుగు ముక్కలు రాసిపెట్టవా, నీకు రెండు నిమిషాల పని."

మా ఆయన ఈ మాట అనేటప్పటికి నేను నాన్న బట్టలు మడతపెడుతున్నాను. నాన్న పోయి మూడు రోజులు. ఇంకా అమ్మ దగ్గరే ఉన్నాం. ఏం రాయాలో అర్థం కాక తలెత్తి చూశాను. "మామయ్య గురించి. ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది, ఒక్కొక్కరే అడుగుతున్నారు. నా పేజీలో ఏమీ పెట్టకపోతే బాగుండదు" అంటూ ఫోను చాపాడు.

రెండు నిమిషాల పని అనడంలో తప్పు లేదు. నా ఉద్యోగమే అది. కంపెనీల ప్రచారం చూసే ఒక చిన్న ఆఫీసులో నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళతో మాట్లాడుతున్నాను. పొద్దున్న నేను పరుపుల కంపెనీని, మధ్యాహ్నం కళ్ళాసుపత్రిని, సాయంత్రానికి బిస్కెట్ల ఫ్యాక్టరీని. ఎవరి పేజీలో ఎలాంటి మాట పడాలో, ఎలాంటిది పడకూడదో ఒక్కొక్కరికీ ఒక కాగితం ఉంటుంది. పరుపులవాళ్ళు జోకులేస్తారు, ఆసుపత్రివాళ్ళు వెయ్యరు. రాసే ముందు పైన ఎవరి పేరుందో మూడుసార్లు చూసుకోవాలన్నది మా దగ్గర మొదటి పాఠం. చేరిన కొత్తలో ఒకసారి చూసుకోలేదు. "మీరు కళ్ళు మూసుకోండి, మిగతాది మేం చూసుకుంటాం" అని పరుపులకి రాసింది కాస్తా కళ్ళాసుపత్రి పేజీలో పడింది. మా మేడం ఆ రోజు అరవలేదు, ఆ నెలంతా నాతో మాట్లాడనూ లేదు. ఆవిడని మేం చాటుగా కామాల మేడం అంటాం. మేం ఏం రాసిచ్చినా రెండు కామాలు మార్చి, పైవాళ్ళకి తన పేరుతో పంపుతుంది.

ఇంట్లోనూ అదే కొలువు. అత్తయ్య పుట్టినరోజుకి కొడుకు పంపే మాటలు నావి. ఆడపడుచు పెళ్ళిరోజు శుభాకాంక్షలు నావి. ప్రమోషన్ వచ్చినప్పుడు ఆయన పెట్టిన "నన్ను నిలబెట్టిన గురువులకు" కూడా నాదే, ఆ గురువులెవరో నాకు ఇప్పటికీ తెలీదు. అత్తయ్య ఆ మెసేజీలు పక్కింటావిడకి చదివి వినిపించి, "మా వాడికి పైకి చెప్పడం రాదు గానీ మనసు వెన్న" అని మురిసిపోతుంది. ఆ వెన్న చిలికేది నేనని ఆవిడకి తెలీదు. ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నాన్న చొక్కా పక్కన పెట్టి మా ఆయన ఫోను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నావని అడక్కండి. వద్దనడానికి కావలసిన ఓపిక కన్నా రాయడానికి కావలసిన ఓపిక తక్కువ.

మా నాన్న దర్జీ. పెద్ద బట్టల షాపులో వెనక గదిలో ముప్ఫై ఏళ్ళు కుట్టాడు. భోజనానికి కూర్చున్నా మెడలో టేపు తీసేవాడు కాదు. చెవి మీద సుద్దముక్క ఉందని మర్చిపోయి ఇల్లంతా వెతికేవాడు. ఆయన కుట్టిన ప్రతి చొక్కాకీ షాపు పేరున్న గుడ్డముక్క పడేది. అందుకని కాలరు లోపల, ఎవరికీ కనిపించని చోట, ఆవగింజంత ఎర్రదారం ముడి వేసేవాడు. "పేరు వాళ్ళది పెట్టుకోనీలే. ముడి నాది" అనేవాడు.

ఇవన్నీ రాశాను. కానీ ఇవి కూతురి జ్ఞాపకాలు, అల్లుడికంటూ ఒకటి ఉండాలి. చేత్తో పట్టుకునే వస్తువు ఒకటి లేకపోతే ఎవరూ నమ్మరని కామాల మేడం రోజూ చెప్పే మాట. అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే రాసింది. "పెళ్ళికి ఆయన కుట్టిచ్చిన లేత నీలం చొక్కా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పాడవుతుందని ఇన్నాళ్ళూ తొడుక్కోలేదు. ఇక తొడుక్కునే ధైర్యం లేదు."

తొడుక్కోని మాట నిజం. "ఈ రోజుల్లో కుట్టించుకునేవాళ్ళెవరున్నారు?" అని మా ఆయన దాన్ని అట్టపెట్టెలోనే ఉంచేశాడు. పెళ్ళయిన రెండో ఏడు ఒక ఆదివారం బాల్కనీలోంచి చూస్తే, కింద ఆ చొక్కాతో కారు అద్దాలు తుడుస్తున్నాడు. రెండు ముక్కలు చేసినట్టున్నాడు, చేతిలో ఉన్నది కాలరున్న ముక్క. నేను లోపలికొచ్చి గిన్నెలు తోముకున్నాను. ఎప్పుడు వెళ్ళినా నాన్న అడిగేవాడు, "చొక్కా సరిపోయిందా అల్లుడికి?" అని. "సరిపోయింది నాన్నా" అనేదాన్ని. ఉద్యోగంలో నేర్చిన అబద్ధాలకన్నా అది నున్నగా వచ్చేది.

మా ఆయన తన పేరుతో పెట్టిన ఆ పోస్టు చదివి వందలమంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇలాంటి అల్లుడు దొరకాలంటే పెట్టిపుట్టాలని ఎవరో రాశారు. అత్తయ్య ఫోన్ చేసి, "అల్లుడై ఉండి వాడంత ఏడిస్తే, కన్నకూతురివి నువ్వొక్క ముక్క రాయలేదేమ్మా. చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అంది. నా పేజీలో నేను రాసి మూడేళ్ళయింది. ఇంటికొచ్చేసరికి నా దగ్గర మాటలు మిగిలేవి కావు. నాన్నకి కూడా మిగల్లేదని ఆ పూట తెలిసి చాలా బాధేసింది.

రెండు వారాలకి అమ్మ ఫోన్ చేసింది.

"అల్లుడు ఆ చొక్కా దాచుకున్నాడటగా. పక్కింటమ్మాయి చదివి వినిపించింది. నాతో ఒక్కనాడైనా చెప్పలేదేమే? చూపు ఆనక మీ నాన్న కుట్టడం మానేశాడు, ఆఖరుగా కుట్టింది అదే. ఒక్కసారి తెచ్చి చూపించవే. ఆ ముడి చేత్తో తడుముకోవాలనుంది."

సరేనన్నాను. మా ఆయనకి చెప్తే టీవీ చూస్తూనే, "నన్నడుగుతావేంటి? రాసింది నువ్వు. అలాంటిదే ఒకటి కొనెయ్. ఇలాంటివి సర్దడమేగా నీ ఉద్యోగం" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నాళ్ళకి, రాసింది నేనని ఆయన ఒప్పుకున్నది అదే మొదలు.

సర్దాను. శనివారం మధ్యాహ్నం లేత నీలం చొక్కా కొన్నాను. బ్లేడుతో కంపెనీ పేరు విప్పేశాను. కొత్తవాసన పోవాలని మూడుసార్లు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాను. ఎర్రదారం సూదికెక్కించి కాలరు తిప్పాను. నా తొమ్మిదో ఏట నాన్న నేర్పాడు, సూది చుట్టూ రెండుసార్లు తిప్పి లాగి బొటనవేలి గోటితో నొక్కాలని. చెయ్యి మర్చిపోలేదు. ముడి ఎంత బాగా కుదిరిందంటే, నాన్న ముడి పక్కన పెడితే నేనే పోల్చుకోలేను. అందరి గొంతులూ దొంగిలించడం అయిపోయింది, ఇప్పుడు నాన్న చెయ్యి కూడా.

ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కాలరు విప్పింది. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. వేలితో వెతికింది, దొరికింది. కళ్ళు మూసుకుని అక్కడే ఉంచింది.

"ఆయనే" అంది.

నేను నోరు మూసుకుంటే అయిపోయేది. ఇంతకన్నా నమ్మించిన పని నా ఉద్యోగంలో చెయ్యలేదు. అమ్మ మొహంలో మూడు వారాల తర్వాత ఆ కాస్త వెలుగు చూసి, ఉండనివ్వచ్చు కదా అనిపించింది కూడా. కానీ ఆ వేలు ముడి మీద నుంచి కదలడం లేదు.

"అమ్మా, అది నేను వేసిన ముడి."

మొత్తం చెప్పేశాను. కొన్న చొక్కా, పోస్టు, కారు అద్దాలు. కారు సంగతి దగ్గర అమ్మ కాలరు మీంచి వేలు తీసేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అయితే ఆ ఏడ్చింది నువ్వన్నమాట" అంది.

తలూపాను.

"మరి నా దగ్గర ఏడవకుండా అల్లుడి ఫోన్లో ఏడ్చావేంటే?"

అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, నాన్న పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది. తర్వాత చొక్కా మడతపెట్టి నాన్న బట్టల్లో పెట్టేసింది. "తీసెయ్యమ్మా అది" అన్నాను. "ఎందుకు? ఆయన నేర్పిన ముడేగా. ఉండనీ" అంది.

తిరిగొస్తుంటే బస్సులో మా ఆయన మెసేజీ. "మా బాస్ వాళ్ళ అమ్మగారు పోయారు. నాలుగు ముక్కలు పంపు, అర్జెంటు." జవాబివ్వలేదు. నా ఫోన్లోనే మా ఆయన పేజీకి వెళ్ళి నాన్న మీద పోస్టు తెరిచాను. కింద ఇంకా ఎవరో మా ఆయన్ని పొగుడుతూనే ఉన్నారు. ఆ కిందే కామెంటు రాయబోతూ అలవాటు చొప్పున పైన ఎవరి పేరుందో మూడుసార్లు చూసుకున్నాను. నా పేరే ఉంది.

"ఇది రాసింది నేను" అని రాశాను. "చొక్కా సంగతి అబద్ధం. మిగతాదంతా మా నాన్న."