కుడివైపు గ్లాసు

మా నాన్న మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవాళ కంటి ఆస్పత్రి మెట్ల మీద, పదిమంది చూస్తుండగానే, చెయ్యి పట్టుకుని దింపుతూ దులిపేశాను.

నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. కుడికంటికి భూతద్దం తగిలించి, ఎడమకన్ను మూసి, ఆవగింజలో సగం లేని స్క్రూని ఎత్తి దాని చోట పెడతాడు. పక్క బల్ల మీద నేను బెల్టులు, బ్యాటరీలు మారుస్తాను. పన్నెండేళ్లుగా ఆయనకు షుగరు. ఏటా కళ్ళు చూపించుకోమని షుగరు డాక్టరు నెత్తీ నోరూ బాదుకునేవాడు.

"ఈ స్క్రూ కనబడుతోందే నాకు! నా కళ్ళకేం రోగం?" అనేవాడు నాన్న. డాక్టరు రాసిన చీటీని పొట్లం కట్టి అందులో స్క్రూలు పోసుకునేవాడు.

పోయినవారం రోడ్డు దాటుతూ, ఎడమవైపు నుంచి వస్తున్న సైకిలుకు తిన్నగా ఎదురెళ్ళాడు. అందుకే ఇవాళ లాక్కొచ్చాను.

డాక్టరమ్మ ఆయన కుడికన్ను అట్టముక్కతో మూసి, "నా వేళ్ళెన్ని?" అంది.

"లైటెందుకు ఆర్పారమ్మా?" అన్నాడు నాన్న.

లైటు వెలుగుతూనే ఉంది.

నీటికాసులట. నొప్పీ గిప్పీ లేకుండా చూపుని అంచుల నుంచి తినేస్తుందట. షుగరున్న పెద్దవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువట. పోయింది ఇక రాదు. కుడికంట్లోనూ మొదలైంది. రోజూ చుక్కలు వేస్తే ఆ కన్నయినా నిలుస్తుంది.

"పనిలో ఎప్పుడూ మూసుకునే కన్ను కదా, పోయినా తెలియలేదు," అంది డాక్టరమ్మ.

దుకాణానికి రాగానే నాన్న నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని భూతద్దం తీశాడు.

"ముందు చుక్కలు!" అని అరిచాను.

"తర్వాత వేసుకుంటాలేవే. ఈ గడియారం ఇవాళ ఇచ్చెయ్యాలి."

"ఏ కంటితో ఇస్తావు? ఉన్న ఒక్కటీ పోగొట్టుకునేదాకా నీకు తోచదా?" టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాను. "పన్నెండేళ్లు నాన్నా! ఒక్కసారి ఆ కుడికన్ను మూసి చూసుకుంటే ఏం పోయేది?"

నాన్న తల వంచుకునే చెయ్యి చాచాడు. వెతుక్కోకుండానే గ్లాసు దొరికింది. కుడివైపే పెట్టాను. రెండేళ్లుగా కుడివైపే పెడుతున్నాను. ఎడమవైపు పెట్టినప్పుడల్లా మోచేత్తో పడగొడుతున్నాడని, "చూసుకోవా?" అని తిట్టి, గ్లాసు చోటు మార్చింది నేనే. ఎందుకు పడగొడుతున్నాడని మాత్రం అడగలేదు.

ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఆగిపోయావేమే? తిట్టు," అన్నాడు నాన్న.

"తల పైకెత్తు." చుక్కల సీసా మూత తీశాను. మొదటి చుక్క గురి తప్పి ఆయన చెంప మీద పడింది.

"నీకూ కనబడటం లేదా ఏమిటే?" అని నవ్వాడు.

"రెండేళ్లుగా కనబడలేదు నాన్నా," అన్నాను.